బావ ఏఈ, బావమరిది కాంట్రాక్టరు

ప్రశ్న: బెంగళూరు కార్పొరేషన్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)గా పనిచేస్తున్నాను. మా ఆవిడ తమ్ముడు కాంట్రాక్టరు. నా వార్డులో డ్రెయిన్ పనికి టెండరు వేస్తానంటున్నాడు. వాళ్ల కాపురం వేరు, లెక్కలు వేరు. ఆఫీసులో చెప్పాలా?
– ఒక ఇంజినీరు, మారతహళ్లి

జవాబు: చెప్పాలి. అదీ కాగితం మీద. ప్రవర్తనా నియమావళిలో కుటుంబమంటే మోటుగా భార్య, పిల్లలు, మీ మీదే పూర్తిగా ఆధారపడ్డ బంధువులు. వేరుగా బతికే బావమరిది అందులోకి రాడని మీకు ఎవరో చెప్పే ఉంటారు. నిజమే, కానీ అంతటితో గండం గడవదు. అవినీతి నిరోధక చట్టం లబ్ధి మీకే చేరాలనదు, ఇంకొకరికి చేరినా పట్టుకుంటుంది. పైగా చాలా టెండరు పత్రాల్లో ‘ఈ ఆఫీసులో దగ్గరి బంధువులున్నారా?’ అని అడుగుతారు. అతను ‘లేరు’ అని రాస్తే ఆ ఒక్క ముక్కే ఇద్దరి మెడకీ చుట్టుకుంటుంది.

బిడ్లు తెరవకముందే పై అధికారికి లేఖ ఇవ్వండి. బంధుత్వం, టెండరు నంబరు, పని పేరు రాసి, ఈ పనిని వేరే ఏఈకి అప్పగించమని అడగండి. ఇన్‌వర్డ్ నంబరు వేయించి ఒక నకలు ఇంట్లో పెట్టుకోండి. ‘సార్‌కి తెలుసులే’ అన్నది విచారణలో నిలవదు, సార్ బదిలీ అయితే అసలే నిలవదు.

ఎక్కువమంది బోల్తా పడేది లేఖ ఇచ్చాకే. టెండరు నుంచి తప్పుకుంటారు, ఎంబీ (పని కొలతలు రాసే పుస్తకం) మాత్రం తామే రాస్తారు. డబ్బు కదిలేది అక్కడే. 100 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు స్లాబు మందం 150 మి.మీ. అని ఎంబీకెక్కి, అక్కడ పోసింది 100 మి.మీ. మాత్రమే అయితే, 6 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు కాగితం మీదే ఉండిపోయినట్టు. కాబట్టి ఎస్టిమేటు, కొలతలు, అదనపు పనుల మంజూరు, బిల్లు, దేనిలోనూ మీ చెయ్యి ఉండకూడదు. మీ లాగిన్, డిజిటల్ సంతకం కీ ఇంకొకరి చేతికివ్వడం అంతకన్నా ప్రమాదం.

2025 సెప్టెంబరులో నగరం అయిదు కార్పొరేషన్లయింది కదా, అతను పక్క కార్పొరేషన్‌లో వేసుకుంటే? అక్కడి ఫైలు మీ బల్ల మీదికి రానంతకాలం ఇబ్బంది తక్కువ. బదిలీ అయి అక్కడికే వెళ్తే మళ్లీ లేఖ రాయాల్సిందే.

ప్రశ్న: ఖాతా (కార్పొరేషన్ ఆస్తి రికార్డు) మార్పుకి వెళ్తే కేస్ వర్కరు (ఫైలు చూసే గుమాస్తా) ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో ‘ఖర్చులు’ ఇచ్చి రమ్మన్నాడు. ఆ షాపు అతని తమ్ముడిదట. ఇస్తే మా మీదా కేసవుతుందా?
– ఒక గృహిణి, కె.ఆర్.పురం

జవాబు: కావచ్చు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చేవాళ్లకూ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. ఇవ్వకముందే లోకాయుక్త పోలీసులకు చెప్తే ఇంకా మంచిది. వాళ్లు నోట్ల నంబర్లు రాసుకుని, ఫినాఫ్తలీన్ పొడి రాసి మీ చేతే ఇప్పిస్తారు. నోట్లు పట్టుకున్న చేతిని సోడియం కార్బొనేటు నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. తమ్ముడు పుచ్చుకున్నా అన్నే అడిగాడని రుజువు కావాలి, అందుకని ఆ మాట అతని నోటి నుంచే రానివ్వండి. అడగని మాట మీరు అందించొద్దు.

దరఖాస్తుకి సకాల (గడువులోగా సేవలందించాలనే కర్ణాటక చట్టం) రసీదు, దాని మీద జీఎస్‌సీ నంబరు (మీ దరఖాస్తు నంబరు) అడిగి తీసుకోండి. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం. సొమ్ము చిన్నదే, కానీ ఆలస్యం ఎవరి బల్ల మీద జరిగిందో అందులో కనబడిపోతుంది.

ప్రశ్న: మా ఏఆర్‌ఓ (అసిస్టెంట్ రెవెన్యూ ఆఫీసరు) ఆస్తుల వివరాలు ఆర్టీఐలో ఇస్తారా?

జవాబు: సాధారణంగా ఇవ్వరు. ఉద్యోగి ఆస్తిపాస్తులు వ్యక్తిగత సమాచారమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటి వెంట పడేకన్నా మీ వీధి పనికి సంబంధించిన వర్క్ ఆర్డరు, ఎంబీ పేజీలు, బిల్లు నకళ్లు అడగండి. ఫీజు 10 రూపాయలు, పేజీకి 2, గడువు 30 రోజులు. కర్ణాటకలో ఒక దరఖాస్తుకి ఒకే విషయం, 150 మాటలు మించకూడదు. ఎంబీ చేతికొచ్చాక టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లండి.