షుగర్ ఉన్నవారు తెల్లజుమికి పండు తినొచ్చా?

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. పక్క ఖాళీ సైటు కంచె మీద తెల్లజుమికి తీగ అల్లుకుంది. మా ఎనిమిదేళ్ల బాబు ఆ పళ్లు ఇష్టంగా తింటున్నాడు. నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆయనా తినొచ్చా? రాత్రి మూడింటికి చెమటలు పట్టి లేస్తున్నారని, నిద్ర కోసం రెండు వారాలుగా ఆ ఆకు కషాయం తాగుతున్నారు.

జవాబు: పండు సంగతి తర్వాత. మూడింటికి చెమటలేమిటి? గ్లిమెపిరైడ్ వాడేవారికి అలా చెమటలు పడితే ముందు అనుమానించాల్సింది షుగర్ పడిపోవడం. కషాయం తాగి రాత్రి భోజనం తగ్గించారా? ఈసారి లేచినప్పుడు గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మీటర్ లేకపోయినా చక్కెర ఇవ్వడం ఆపొద్దు. మత్తుగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా అంతే. గుండె సమస్య కూడా చెమటలతోనే బయటపడవచ్చు. చూడకుండా నేను తేల్చి చెప్పలేను.

రెండు వారాలు ఆగారు చూడండి, అది నాకు నచ్చలేదు. మాత్ర వేసుకుంటే డాక్టరుకు చెబుతారు, ఆకు నమిలితే చెప్పరు. 'ఆకే కదా' అంటారు. నిద్రకు పనికొస్తుందని చెప్పుకునే పాషన్ ఫ్లవర్ వేరే జాతి, పాసిఫ్లోరా ఇన్‌కార్నేటా. మీ కంచె మీదది పాసిఫ్లోరా ఫీటిడా. ఆకు నలిపితే కంపు కొడుతుంది, పేరులోనే ఆ సంగతి ఉంది. దీని ఆకులో, పచ్చి కాయలో సైనైడ్ విడుదల చేసే పదార్థాలుంటాయి. కషాయం ఈరోజే ఆపించండి. షుగర్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఈ పూటే డాక్టరుతో మాట్లాడండి.

ఇక పండు. వేళ్లకు జిగురుగా అంటుకునే ఆకుపచ్చ జాలీలో ఉంటుంది, ఆ జిగురుకు చిన్న పురుగులు కూడా అతుక్కుని ఉంటాయి. పసుపు, నారింజ రంగుకు బాగా పండినదైతే లోపలి గుజ్జు బాబు ఒకటి రెండు తినొచ్చు. పచ్చివి వద్దు. సైటులో కలుపు మందు కొట్టారేమో కనుక్కోండి, కడిగి ఇవ్వండి. నాన్నగారికి షుగర్ అదుపులోకి వచ్చాక చూద్దాం.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులతో పాటు ఆ తీగ కొమ్మ ఒకటి తీసుకెళ్లండి. ఆయన ఏం తాగారో డాక్టరు కళ్లతో చూడాలి.