సంక్రాంతి నుంచి వెనక్కి లెక్కపెట్టు

పలమనేరు,
అక్టోబరు 22.

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. కిటికీ పక్కన వరసగా పెరుగు కప్పులు, వాటిలో జానెడు పైనే సాగి, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి వాలిపోయిన టమోటా నారు కాడలు. సెప్టెంబరు మొదట్లో విత్తనం వేశానని రాశావు. అంటే వాటికి ఏడు వారాలు. మా షేడ్ నెట్ కింద 25 రోజుల నారు బెత్తెడు దాటి కొంచెం ఉంటుంది, అయితే కాడ పెన్సిలులో సగం లావుంటుంది, చేత్తో నిమిరితే వంగి మళ్లీ లేస్తుంది. నీవి లేవవు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, వాటిని తీసి ఎరువు కుండీలో వెయ్యి. బాధపడకు, ఈ ఏడాది ఇంకా ఏమీ పోలేదు. అసలు అదను ఇంకా రానేలేదు.

విత్తనం వారాల ముందే ఇంట్లో వేసి పెట్టుకోమని నువ్వు చూసిన వీడియోలో ఆయన చెప్పింది తప్పు కాదు, చలిదేశంలో ఉన్న ఆయన ఊరికి అది సరిపోతుంది. అక్కడ చలికాలం చివర్లో ఇంకా నేల గడ్డకట్టి ఉంటుంది. చివరి మంచు ఏ తేదీకి పడుతుందో చూసుకుని, అక్కడి నుంచి ఆరు నుంచి ఎనిమిది వారాలు వెనక్కి లెక్కపెట్టి, ఇంట్లో దీపాల కింద విత్తనం వేస్తారు. చలికి మొక్క నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి వాళ్లకు అన్ని వారాలు కావాలి. తిరుపతిలో నీకు ఏ మంచు పడుతుంది నాయనా? ఇక్కడ నారును ఇంట్లో ఉంచేది చలికి భయపడి కాదు, వానకు, ఆకుముడత తెగులు తెచ్చే తెల్లదోమకు భయపడి. మన వెచ్చదనానికి 25 రోజుల్లో నారు నాటుకు సిద్ధమవుతుంది, ఎంత ఆలస్యమైనా 30. ఏడు వారాలు లోపల పెట్టావు కాబట్టే అవి అలా తయారయ్యాయి.

మరి మనం ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? పువ్వు నుంచి. టమోటా చెట్టు ఎప్పుడైనా పెరుగుతుంది, కాయ నిలవడమే దాని సమస్య. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24కు తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు, పువ్వు కాడ దగ్గర పసుపుపచ్చగా మారి రాలిపోతుంది. మీ ఊళ్లో మార్చి సగానికే ఎండ అక్కడికి చేరుతుంది. పలమనేరులో వేసవిలో కూడా వేస్తున్నారు కదా అంటావు. ఇది సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, మీది 200 కూడా లేదు. మొగిలి ఘాటు దిగగానే బస్సు కిటికీలోంచి వేడిగాలి ముఖానికి కొడుతుంది చూడు, ఆ తేడా మనకంటే ముందు పువ్వుకు తెలుస్తుంది. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు కింది ఊళ్లలో మిద్దెల మీద హడావుడిగా నాటినవాళ్లు నా దగ్గరే నారు కొన్నారు. వద్దని చెప్పాను. డబ్బులిచ్చి తీసుకుపోయారు, నేనేం చేయను.

కాబట్టి మీ ఊళ్లో తొలి పూత సంక్రాంతికి రావాలి. ఆ రోజుల్లో రాత్రులు చల్లగా ఉంటాయి, పగలు హాయిగా ఉంటుంది. పువ్వు నిలిచి కాయ పండటానికి నెలన్నర పైన పడుతుంది, అంటే మార్చి తొలి రోజుల నుంచి కోత. ఎండలు ముదిరే లోపు ఐదారు కోతలు తీసుకోవచ్చు. నాటిన తరువాత పూతకు నెల కావాలి, కాబట్టి నాటేది డిసెంబరు 15 ప్రాంతంలో. అక్కడి నుంచి ఇంకో 25, 30 రోజులు వెనక్కి వస్తే విత్తనం వేసేది నవంబరు 15, 20 మధ్య. కార్తీక పున్నమి నాడు వేస్తానని మీ అమ్మ అన్నదట, వద్దను. ఆ పున్నమి ఒక ఏడు నవంబరు మొదట్లో, ఇంకో ఏడు చివర్లో వస్తుంది. సంక్రాంతి సూర్యుణ్ణి పట్టుకుని నడిచే పండుగ కాబట్టి దాని తేదీ పెద్దగా మారదు, లెక్కకు అదే నమ్మకం.

ముందే వేస్తే ఏమవుతుందో నేను చూశాను. 2021లో అక్టోబరు మధ్యలో నలభై ప్రోట్రేలు, అంటే చిన్న చిన్న గదులున్న నారు ట్రేలు, వేశాను. నవంబరులో ఆ వానలు. తిరుపతి వీధుల్లో నీళ్లు ఏరులై పారాయి, నువ్వే చూశావు. ఇక్కడ చేలల్లో కాలు పెడితే మోకాలి దాకా దిగేది. నారు సిద్ధంగా ఉంది, నాటడానికి నేల లేదు. ఒక్కో వారం వాయిదా పడింది. నలభై ఐదో రోజున ట్రేలోనే ఒక మొక్క పువ్వు తొడిగింది. వేలెడు గదిలో వేళ్లు చుట్టలు చుట్టుకుని, కొబ్బరి పొట్టు మొత్తం తెల్లటి వల అయిపోయింది. నాటాక కూడా అవి కోలుకోలేదు, గుప్పెడు గోలీకాయలు ఇచ్చి ముగించాయి. అందుకే ఈశాన్య వానల జోరు తగ్గే వేళకు నారు చేతికి రావాలి గానీ అంతకు ముందు రాకూడదు. డిసెంబరులోనూ తుపాను రావచ్చు, అది మన చేతిలో లేదు. కబురు వినిపిస్తే ఆగు. నీళ్లు కొంచెం బిగిస్తే నారు 35వ రోజు దాకా ఓర్చుకుంటుంది. భద్రం కావాలంటే పది రోజుల తేడాతో రెండో ట్రే ఒకటి వేసి పెట్టుకో.

ఇప్పుడు పని. కొబ్బరి పొట్టు ఇటుకను నీళ్లలో నానబెట్టి, పిండి, రెండుసార్లు కడుగు. అందులో ఉప్పు ఉంటుంది. దానికి మూడో వంతు వర్మీకంపోస్టు, గుప్పెడు ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను ఆపే మేలుచేసే బూజు పొడి) కలుపు. ప్రోట్రే గదికి ఒక్క విత్తనం, అర సెంటీమీటరు లోతు. గ్రాములో దాదాపు మూడు వందల విత్తనాలు ఉంటాయి, నీ పది కుండీలకు ప్యాకెట్టు మొత్తం పోయకు. విత్తనం అర్క రక్షక్ తీసుకో. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లది, ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు, మూడింటినీ తట్టుకుంటుంది. అది హైబ్రిడ్, దాని పండులోంచి తీసిన విత్తనం మళ్లీ అలాగే రాదు.

ట్రే మీద పాలిథీన్ కప్పి వంటింట్లో ఒక మూల పెట్టు. మొలకెత్తడానికి వెచ్చదనం, తేమ చాలు, వెలుతురు అక్కర్లేదు. ఇక్కడ జాగ్రత్తగా చదువు, ఎందుకంటే నువ్వు తప్పింది ఇక్కడే. మూడో రోజు నుంచి ఉదయం, సాయంత్రం కవరు ఎత్తి చూడు. నాలుగో రోజో ఐదో రోజో పొట్టు ఒకచోట పగులుతుంది. ఆ పగులులో తెల్లటి మెడ ఒకటి, నడుము వంచి మూట ఎత్తుకునే కూలీలా, తల ఇంకా లోపలే పెట్టుకుని కనబడుతుంది. నాలుగైదు మెడలు కనబడ్డాయంటే ఆ పూటే కవరు తీసెయ్యి, ట్రేను వెలుతురులోకి మార్చు. మిగతావి కూడా వచ్చాక తీద్దాం అని ఒక్క రోజు ఆగితే చాలు, అన్నీ వెలుతురు వెతుక్కుంటూ సాగిపోతాయి. సాగిన మెడ మళ్లీ కురచ కాదు. కొన్నింటికి విత్తనం పెంకు టోపీలా ఆకుల కొసన ఇరుక్కుని ఉంటుంది. గోటితో లాగకు, నీటి చుక్క వేసి ఒక పూట వదిలెయ్యి.

కిటికీ వెలుతురు చాలదు. వరండాలో, వాన జల్లు పడని చోట, సగం ఆకాశం కనబడేలా పెట్టు. చుట్టూ నలభై మెష్ (అంగుళానికి నలభై కన్నాలుండే) నైలాన్ వల కట్టు. దోమతెర ఉంది కదా అనకు, దాని కన్నాల్లోంచి తెల్లదోమ దర్జాగా వెళుతుంది. నారు దశలో ఆకుముడత అంటిన మొక్క తరువాత ఏ మందుకూ మారదు, ఉత్త ఆకుల ముద్దగా నిలబడుతుంది. నీళ్లు ఉదయమే. ట్రేను పళ్లెంలో పది నిమిషాలు నిలిపి కింద నుంచి తాగనివ్వు. సాయంత్రం పైనుంచి పోస్తే రాత్రంతా తడి నిలిచి, మొదలు నల్లబడి నారుకుళ్లు వస్తుంది. పొద్దున చూసేసరికి దువ్వెన పళ్లు విరిగినట్టు పడి ఉంటాయి.

నాటడానికి వారం ముందు వల తీసి ఎండకు అలవాటు చెయ్యి. మొదటి రోజు గంట, తరువాత రోజూ కొంచెం ఎక్కువ. నీళ్లు తగ్గించు, కానీ మొక్క తల వాలేదాకా ఎండబెట్టకు. సాయంత్రం నాటు, మొలకతో వచ్చే జత ఆకుల తరువాత పుట్టే మొదటి నిజమైన ఆకుల దాకా కాడను మట్టిలో దించు, ఆ భాగమంతా వేళ్లు వేస్తుంది. కుండీ 15 లీటర్లకు తగ్గకూడదు, కింద రెండు ఇటుకలు పెట్టు. మిద్దె కాంక్రీటు మార్చిలో ఎలా కాలుతుందో నీ అరికాళ్లకు తెలుసు.

శనివారం బస్సులో రెండు ప్రోట్రేలు, పొట్టు ఇటుక, వల ముక్క పంపుతున్నాను. డ్రైవరుకు నీ ఫోను నంబరు ఇచ్చాను, పొద్దున తొమ్మిదికల్లా బస్టాండులో ఉండు. విత్తనం నువ్వే కొనుక్కో, ప్యాకెట్టు మీద గడువు తేదీ చూసి. నాటాక ప్రోట్రేలు కడిగి, ఎండబెట్టి తిరిగి పంపు. ఇప్పటికి నువ్వు నాకు మూడు బాకీ.

మీ అత్త