‘ఏం కూర?’ అని అడిగితే కూర పేరొక్కటే చెప్పి ఊరుకోకండి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా చండూరు దగ్గర పల్లె. నాన్నకు బత్తాయి తోట ఉంది. బీఫార్మసీ చేసి, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ట్రైనీగా చేరి 4 నెలలైంది. పనిలో ఇంతవరకు మాట పడలేదు. కానీ కంపెనీ బస్సులో, క్యాంటీన్‌లో పక్కన ఎవరైనా కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచదు. ‘ఏం కూర?’ అంటే ‘పప్పు’ అని ఫోన్ చూసుకుంటాను. నాకు పొగరని అనుకుంటున్నారట. కమ్యూనికేషన్ స్కిల్స్ కోర్సు చేయమంటారా?

జవాబు: ఆ కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. అక్కడ ఎక్కువగా నేర్పేది ఇంగ్లిష్, ఇంటర్వ్యూ, ప్రజెంటేషన్. మీ చిక్కు ఆ ‘పప్పు’ దగ్గరే ఉంది. వైవాలో అడిగినట్టు అనుకుని, సరైన జవాబు చెప్పి ఆగిపోతున్నారు. అడిగినవాళ్లకు మీ కూరతో ఏం పని? మిమ్మల్ని పలకరించడానికి వాళ్ల నోటికొచ్చిన మాట అది. ఊళ్లో ఎదురైనవాళ్లు ‘యాడికి వోతున్నవ్?’ అంటే ‘గిట్లనే, జర పనుండి’ అంటాం, ఇద్దరికీ తృప్తిగానే ఉంటుంది. ట్రోబ్రియాండ్ దీవుల్లో ఏళ్ల తరబడి ఉండి అక్కడి జనజీవనాన్ని చూసిన మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీ, మనుషుల్ని కలపడం కోసమే ఆడుకునే ఇలాంటి మాటలకు 1923లోనే ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు.

మీ ఇంట్లోనూ ఇది రోజూ జరిగేదే. బత్తాయి కొనే వ్యాపారి వస్తే వచ్చీ రాగానే రేటు మాట్లాడతాడా? బోరుల నీళ్లెట్లున్నయి, వానలేమన్న పడ్డయా, పిల్లలేం చదువుతున్నరు... చాయ్ తాగాక గానీ కాయ మీద చెయ్యి పడదు. మీ ల్యాబ్‌లోనూ అంతే. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో మొబైల్ ఫేజ్ అనే ద్రవాన్ని కాసేపు పోనిచ్చి, తెర మీది గీత (బేస్‌లైన్) నిలకడగా వచ్చాకే కదా శాంపిల్ ఇంజెక్ట్ చేస్తారు? ఆ సమయం వృథా అని మీరెన్నడూ అనుకుని ఉండరు.

కాబట్టి జవాబుకు ఇంకో ముక్క కలపండి. ‘పప్పన్నా. నాకొచ్చిన వంట అదొక్కటే, వారంల మూడు రోజులు అదే.’ ఇప్పుడు అవతలి మనిషికి పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. రూమ్ ఎక్కడ, ఎంతమంది ఉంటరు, అమ్మ పచ్చళ్లు పంపదా అని వాళ్లే అందుకుంటారు. తర్వాత ‘మీరేం తెచ్చుకున్నరు?’ అనండి. మొదటి వారానికి ఇంత చాలు. జోకులు వేయక్కర్లేదు, క్రికెట్ తెలిసి ఉండక్కర్లేదు. కులం, జీతం, పెళ్లి జోలికి మాత్రం పోకండి. మిమ్మల్నెవరైనా అడిగితే నవ్వి మాట మార్చేయండి.

మీరు రాయలేదు గానీ, యాస బయటపడుతుందని మాట మింగుతున్నారేమోనని నా అనుమానం. నల్లగొండ, పాలమూరు పిల్లలు చాలామంది నా దగ్గర ఇదే చెప్పుకున్నారు. మీ బస్సులో సగం మంది యాస అదే అయ్యుంటుంది, నిశ్చింతగా మాట్లాడండి. ఇంటికెళ్లాక ‘పిచ్చిగా వాగానా?’ అని తవ్వుకోకండి. కొత్తవాళ్లను జంటలుగా మాట్లాడించి చూసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. అవతలివాళ్లకు మనం ఎంత నచ్చామో మనమే తక్కువ అంచనా వేసుకుంటామని అందులో తేలింది.

ఇక కెరీర్ సంగతి. అమెరికా సమాజ శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగి చూసి 1973లో ఫలితాలు ప్రచురించాడు. తరచూ కలిసేవాళ్ల ద్వారా దొరికింది నూటికి 17 మందికే. మిగతావాళ్లకు ఆ కబురు చెప్పింది అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసేవాళ్లు. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుంది. రేపు ఇంకో కంపెనీలో ఖాళీ ఉందని చెప్పేది బస్సులో మీ పక్క సీటు మనిషే కావచ్చు.

ఒకటి మాత్రం వేరుగా చూడాలి. మనుషులుంటారని లంచ్ మానేయడం, బస్సు ఎక్కాలంటేనే గుండె దడ, చెమటలు పట్టడం ఉంటే అది బిడియం కిందికి రాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

‘పొగరనుకుంటున్నరు’ అని మీ చెవిన వేసిన మనిషి మీ మేలు కోరేవాళ్లే. రేపు క్యాంటీన్‌లో వాళ్ల పక్కనే కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టి, ‘ఏం కూర?’ అని ఈసారి మీరే అడగండి.