పాత ట్రక్కు, కొత్త ఛాసిస్, మీ అబ్బాయి సీటు

ప్రశ్న: మా అబ్బాయికి ఈఏపీసెట్ ర్యాంకు బాగానే వచ్చింది, సీఎస్ఈ దొరుకుతుంది. వాడేమో అమెరికాలో ఎవరో 1950ల నాటి షెవర్లే పికప్‌ను కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద కూర్చోబెట్టిన వీడియో చూపించి, "నేను చేసేది ఇదే" అంటున్నాడు. "మెకానిక్ షెడ్డుకి పంపుతావా?" అని చుట్టాలు నవ్వుతున్నారు. కౌన్సెలింగ్‌కి ఇంకా నెల ఉంది. టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు వాడిని ఒక్కటి అడగండి. నచ్చింది ఆ ట్రక్కు రూపమా, దాని అడుగున జరిగిన పనా?

ఆ పని ఆషామాషీ కాదు. షెవర్లే కంపెనీ తనే ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే పికప్ అమ్మడం మొదలుపెట్టింది 1957లో. అంతకుముందు బండికి ఆ బలం కావాలంటే పాత క్యాబిన్ విప్పి కొత్త ఛాసిస్ మీదికి ఎక్కించడం ఒక దారి. 1950ల మొదట్లో వచ్చిన షెవర్లే 3100 పికప్‌లో ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 116 అంగుళాలు. కొత్త ఛాసిస్‌లో అది నాలుగు అంగుళాలు తేడా ఉన్నా చక్రం మడ్‌గార్డు మధ్యలో కూర్చోదు. ఛాసిస్ కోసి అతకాలి, ఆ అతుకు బండి బరువంతా మోయాలి. క్యాబిన్ బిగించే మౌంట్లు కొత్తగా చేయాలి, స్టీరింగ్ రాడ్డుకి దారి వెతకాలి. కొత్త ఇంజిన్‌కి కంప్యూటర్ ఉంటుంది కదా, కీలకమైన సెన్సర్ల సిగ్నల్ దానికి అందకపోతే స్టార్ట్ కూడా కాదు. చుట్టాలు నవ్వేది ఈ పనిని చూసి!

కానీ ఇక్కడ అదే చేసి రోడ్డెక్కుతానంటే కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్‌కూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. "వింటేజ్ కింద రాయిస్తా" అంటాడేమో. 2021 నిబంధనల్లో వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండి. వీడు మార్చేదే ఛాసిస్! అందుకని ఇదొక్కటే బతుకుతెరువు అనుకోవద్దనండి.

ఆ పనితనానికి మాత్రం ఇక్కడా పని ఉంది. మీకు పక్కనే ఆటోనగర్. లారీ ఉత్త ఛాసిస్‌గా వస్తే బాడీ కట్టేది అక్కడే. ఈ నెల వాడిని తెలిసిన షెడ్డులో పెట్టండి, జీతం అడక్కండి. కళ్లకి వెల్డింగ్ నల్లద్దం లేకుండా వెల్డింగ్ వైపు చూడొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ఎండకు కాలే రేకుల మధ్య మూడో వారం కూడా తనంతట తనే లేచి వెళ్తే మెకానికలో ఆటోమొబైలో ధైర్యంగా ఇప్పించండి. నాలుగో రోజుకే సాకులు మొదలైతే వాడికి నచ్చింది రూపం. బొమ్మ గీసే చెయ్యి ఉంటే డిజైన్ కోర్సులకి యూసీడ్ పరీక్ష ఉంది. అదీ లేదంటే సీఎస్ఈ ఎటూ పోదు, ఇప్పటి బండ్లలో సాఫ్ట్‌వేర్ పని కూడా బోలెడు.

మెకానికల్ అయితే, విద్యార్థులే బండి తయారుచేసి గతుకుల దారిలో నడిపే బాజా ఎస్ఏఈ పోటీకి టీమ్‌ను పంపే కాలేజీ చూడండి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి వర్క్‌షాపులోకి తొంగి చూడండి. లేత్ మీద దుమ్ము పేరుకుని ఉంటే ఆ కాలేజీని లిస్టులో కిందికి నెట్టేయండి.