బిడ్డకు మెదడు ఏ నెలలో మొదలవుతుంది?

ప్రశ్న: మేడమ్ గారూ, మా కోడలికి మూడో నెల. నెల తప్పి 40 రోజులైనాక ఆసుపత్రికి పోతే డాక్టరమ్మ ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాసిచ్చి, "ఇవి ముందు నుంచే వేసుకోవాల్సింది, బిడ్డ మెదడుకు మంచిది" అనింది. మా అత్తేమో "బిడ్డకు మెదడొచ్చేది ఐదో నెలలో, అందుకే అప్పుడు కదిలేది" అంటుంది. ఎవరి మాట నిజం? ఆలస్యం చేసినామేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. మా చిన్నమ్మాయికి కూడా శ్రావణంలో పెళ్లి. కోడిగుడ్డులో మెదడు తయారవడం మీరు క్లాసులో చూపించేవారని మా మరిది చెప్పినాడు. మనిషికీ అట్లాగేనా?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: అమ్మా, మీ మరిది చెప్పింది నిజమే. తిరుపతిలో 31 ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. ఏటా కోడిపిండం ప్రాక్టికల్ ఉండేది. అంగట్లో కొన్న గుడ్లు దీనికి పనికిరావు, వాటిలో పిండం ఉండదు. పుంజును పెంచుకునే ఇళ్ల నుంచి నాటుకోడి గుడ్లు తెప్పించి 38 డిగ్రీల వేడి ఉండే పొదిగే పెట్టెలో పెట్టేవాళ్లం. గుడ్డును గోరువెచ్చని ఉప్పునీళ్లలో పగలగొట్టి, పచ్చసొన మీద తెల్లగా కనిపించే భాగాన్ని చిన్న కత్తెరతో కత్తిరించి అద్దపు గిన్నెలోకి తీయాలి. చెయ్యి వణికితే చిరిగిపోతుంది.

ఒక ఏడాది రాత్రి కరెంటు పోయి పెట్టె చల్లబడింది. 33 గంటలు పొదిగిన పిండం కోసం తెరిచిన గుడ్లలో అంతకన్నా చిన్న పిండాలే ఉన్నాయి. వేడి తగ్గితే ఎదుగుదల నెమ్మదిస్తుంది. పిల్లలు నిరాశపడ్డారు. నేను మాత్రం మైక్రోస్కోపు దగ్గరి నుంచి లేవలేకపోయాను. నా కళ్లెదుట మెదడు మూసుకుంటూ ఉంది. తరగతిలో అందరినీ ఒక్కొక్కరినే పిలిచి చూపించాను.

అదెలాగో చెబుతాను, ఒక తమలపాకు చేతిలోకి తీసుకోండి. తొడిమ వైపు వెడల్పు, కొన వైపు సన్నం. పిండం వీపు మీది పైపొరలో కొంత భాగం మొదట ఇలాగే చదునైన పలకలా ఉంటుంది, దాన్నే నాడీ ఫలకం అంటాం. వెడల్పైన వైపు తల, సన్నని వైపు తోక. ఆకు వెనక ఈనె ఉన్నట్టే, పలక కింద పృష్ఠవంశం అనే సన్నని కడ్డీ ఉంటుంది. ఇప్పుడు ఈనె వెంబడి ఆకును మెల్లగా మడవండి. నడుమ గాడి పడుతుంది, రెండు అంచులూ లేస్తాయి, ఒకదాన్నొకటి తాకుతాయి. పిండంలో ఆ అంచులు అతుక్కుపోతాయి, గాడి కాస్తా గొట్టమవుతుంది. అదే నాడీనాళం. ముందు భాగం మెదడు, మిగతాది వెన్నుపాము. మన చర్మం పైపొర, మన మెదడు ఒకే పొర నుంచి పుట్టినవి. ఇన్నేళ్లు చెప్పినా ఈ మాట దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ రోజు మేము చూసిన పిండంలో అంచులు మధ్య మెదడు దగ్గర కలిశాయి, ఇటూ అటూ ఇంకా తెరిచే ఉన్నాయి. మరికొన్ని గంటలు వెచ్చగా ఉంచి ఉంటే ముందు గొట్టం మూడు చోట్ల ఉబ్బి ఉండేది. ముందు మెదడు, మధ్య మెదడు, వెనుక మెదడు అవే. తర్వాత మొదటిదీ మూడోదీ రెండేసిగా విడిపోయి మొత్తం ఐదవుతాయి. అన్నిటికన్నా ముందున్న దాని నుంచి మస్తిష్క గోళార్ధాలు, అంటే పెద్దమెదడు రెండు సగాలు వస్తాయి, వెనుక మెదడు నుంచి అనుమస్తిష్కం (చిన్నమెదడు), మజ్జాముఖం (వెన్నుపాముతో కలిసే కింది భాగం). ముందు మెదడు పక్కల నుంచి రెండు బుడిపెలు బయటికి పొడుచుకొస్తాయి. అవే కళ్లు కాబోతున్నాయి! కంటి లోపలి తెర నిజానికి మెదడులో భాగమే. గొట్టం లోపలి ఖాళీ కూడా వృథా పోదు. పెద్దయ్యాక మెదడు నడుమ ద్రవం నిండిన గదులుగా అదే మిగులుతుంది.

మనిషికీ ఇదే వరుస. చేపకూ కప్పకూ కూడా ఆ మూడు ఉబ్బులే, చేపలో మాత్రం గొట్టం తయారయ్యే తీరు కొంచెం వేరు. కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ అనే శాస్త్రవేత్త సీసాల్లో దాచిన రెండు చిన్న పిండాలకు చీటీలు అంటించడం మరిచిపోయి, అవి బల్లివో పక్షివో క్షీరదానివో తేల్చుకోలేకపోయానని 1828లో రాశాడు.

తేడా అల్లా కాలంలో. కోడిలో గంటల్లో అయ్యే పని మనిషిలో రోజులు పడుతుంది. గర్భం కుదిరిన 22వ రోజు ప్రాంతంలో అంచులు కలవడం మొదలై, 28వ రోజుకల్లా రెండు కొసలూ మూసుకుంటాయి. అప్పటికి బిడ్డ పెసరగింజంత. నెల తప్పిన లెక్కలో చూస్తే రెండు వారాలే! చాలామంది ఆడవాళ్లు పరీక్ష కూడా చేయించుకోని సమయం అది. కాబట్టి డాక్టరమ్మ మాటే నిజం. మీ అత్తగారి మాటా ఊరికే పుట్టింది కాదు. ఐదో నెలలోనే తల్లికి కదలిక తెలుస్తుంది. అప్పటికి మెదడు ఉంటుంది, పైభాగం మాత్రం ఇంకా చాలావరకు నున్నగానే ఉంటుంది. మనం బొమ్మల్లో చూసే ముడతలు ఎక్కువగా ఆ తర్వాత పడేవే.

గొట్టం తల వైపు మూసుకోకపోతే బిడ్డ బతకదు. కింద మూసుకోకపోతే వెన్నులో చీలికతో పుడుతుంది. మా అక్క మొదటి కాన్పులో అలాంటి బిడ్డే పుట్టి పదకొండో రోజున పోయింది. ఏం పాపం చేశానని అక్క ఏళ్ల తరబడి ఏడ్చింది. అప్పటికి ఈ మాత్ర సంగతి లోకానికే తెలియదు. ఇలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వెల్లడించింది. ఫోలియం అంటే లాటిన్‌లో ఆకు. 1941లో దీన్ని పాలకూర ఆకుల నుంచే తీశారు. ఆకుకూరలు తినండి, ఉడికించిన నీళ్లు పారబోయకండి, కానీ కూరను నమ్ముకుని మాత్ర మానవద్దు.

మీ కోడలి విషయం దాచకుండా చెబుతాను. మాత్ర మొదలుపెట్టేనాటికి ఆ గొట్టం మూసుకునే పని అయిపోయింది. కానీ మాత్ర వేసుకోని తల్లుల్లో కూడా నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా అది సరిగ్గానే మూసుకుంటుంది. మీరు నిద్ర పోండమ్మా. 11–13 వారాల స్కానులో పుర్రె, 18–20 వారాల స్కానులో వెన్ను చూస్తారు, ఆ రెండూ తప్పించవద్దు. మాత్రలూ ఆపవద్దు, బిడ్డలోనూ తల్లి రక్తంలోనూ కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి కదా.

ఇక మీ చిన్నమ్మాయి. పెళ్లి శ్రావణంలో అంటున్నారు. కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టించి, గర్భం వచ్చాక మూడో నెల నిండేదాకా వేసుకోమనండి. ఆమెకు మూర్ఛ మందులో చక్కెర వ్యాధో ఉంటే మోతాదు డాక్టరే చెప్పాలి. చీరలు కొనడానికి తిరుపతికి వచ్చిన రోజే ఆ మాత్రలూ తీసుకెళ్లండి.