క్రీడా సందేహాలు: వాలీబాల్ జట్టులో బధిర బాలుడు

ప్రశ్న: గుంటూరులోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. ఈ ఏడాది మా వాలీబాల్ జట్టులోకి తొమ్మిదో తరగతి చదివే ఒక బధిర బాలుడు వచ్చాడు. బంతి మీద చక్కని పట్టు ఉంది. కానీ తోటివాడు ‘నాది’ అని అరిచినా వినపడక ఎదురెళ్లి ఢీకొంటున్నాడు, విజిల్ వేసినా ఆగడు. మిగతా పిల్లలు విసుక్కుంటున్నారు. శిక్షణ ఎలా ఇవ్వాలి? ముందుముందు అతనికి పోటీల అవకాశం ఉంటుందా?

జవాబు: కోర్టులో జట్టంతా నోటిమాట మీదే ఆధారపడటం వల్ల ఈ ఇబ్బంది వచ్చింది. కనుక అలవాట్లు మార్చుకోవలసింది ఎక్కువగా మిగతా అయిదుగురే. ఇద్దరి నడుమ పడే సర్వీసును ఎవరు తీసుకోవాలో ముందే తేల్చండి. తీసుకునేవాడు చేయి చాపి అడుగు ముందుకు వేయాలని, రెండోవాడు ఒక అడుగు వెనక్కి తగ్గి అండగా నిలవాలని నియమం పెట్టి, మొదట బంతి లేకుండా, ఆ తరువాత బంతితో, జట్టంతా నోరు మెదపకుండా ఒక వారం సాధన చేయించండి.

నిజానికి వాలీబాల్‌లో సైగలకు ముందునుంచీ చోటుంది. ఆటగాళ్లు చేతిని వీపు వెనుక దాచి వేళ్లతో ఎత్తుగడ చెప్పుకుంటారు. రిఫరీ కూడా సర్వీసుకు విజిల్ వేస్తూ చేతితో అనుమతి ఇస్తారు. అప్పటినుంచి 8 సెకన్లలో బంతిని కొట్టాలి కాబట్టి, బంతి అందగానే రిఫరీ చేతివైపు చూడటం అతనికి నేర్పండి. సాధనలో ఆట ఆపడానికి విజిల్‌తోపాటు రంగు జెండా ఊపండి. బధిరుల ఫుట్‌బాల్‌లో రిఫరీలు జెండా వాడేది ఇందుకే.

ఇక మీ బోధన. మనలో చాలామందిమి స్మాష్ కొట్టి చూపిస్తూనే వివరణ కూడా చెప్పుకుపోతాం. ఆ పిల్లవాడు మీ చేతిని చూస్తే పెదవులు తప్పిపోతాయి, పెదవులు చూస్తే చేయి తప్పిపోతుంది. ముందు చెప్పండి, ఆగండి, తరువాత చూపించండి. సాయంత్రం ఎండ మీ వీపు వెనుక ఉంటే మీ ముఖం అతనికి నల్లని నీడగానే కనిపిస్తుంది, కాబట్టి మీరే పడమటివైపు తిరిగి నిలబడండి. రోజూ సాధన ముగిశాక పది నిమిషాలు అతని చేతే మిగతావారికి సైగలు నేర్పించండి. విసుగు తగ్గడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వంటి జబ్బుతో వినికిడి పోయిన కొందరు పిల్లల్లో శరీర సమతుల్యం కూడా దెబ్బతింటుంది. ఎగిరి దిగేటప్పుడు తూలుతున్నాడేమో గమనించండి. కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం శస్త్రచికిత్సతో అమర్చే పరికరం) ఉంటే, నేలమీదికి దూకి బంతి తీయడం నేర్పేముందు శస్త్రచికిత్స చేసిన డాక్టరును అడగండి.

పోటీల అవకాశం ఉంది. 1924లో పారిస్‌లో మొదలైన బధిరుల ఒలింపిక్స్‌లో నేడు వాలీబాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఉన్నాయి. మెరుగ్గా వినపడే చెవిలో కనీసం 55 డెసిబెల్స్ లోపం ఉన్నవారే వాటికి అర్హులు. ఆడేటప్పుడు వినికిడి యంత్రం పెట్టుకోనివ్వరు, కనుక అతనికి యంత్రం ఉంటే అది లేకుండా ఆడటం కూడా అలవాటు చేయండి. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపాన్ని కనీస హద్దుగా పెట్టింది. కాబట్టి ఆ చట్టం కింద వైకల్య ధ్రువపత్రం రాకపోయినా ఆశ వదలక, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం) తీయించి 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గరి అంకెల సగటు 55కు చేరిందేమో చూడండి.