బార్బెర్రీ ఎరుపు తగ్గి పచ్చబడితే ఎరువు కాదు, ఎండ చూడండి

కొన్నప్పుడు ముదురు ఎరుపులో ఉన్న బార్బెర్రీ అనే ముళ్లపొద, గోడ పక్కన నాటాక ఏడాది తిరిగేసరికి పచ్చబడిందని, ఏ ఎరువు వేస్తే రంగు తిరిగొస్తుందని అడిగారు. ఎరువుతో రాదండీ. నత్రజని ఎక్కువైతే మెత్తటి కొమ్మలు బారుగా సాగుతాయి, అంతే. ఆ రంగు ఎండది.

మా ఇంటి ముందు ఒకే రకం మొక్కలు వరసగా ఉన్నాయి. చెట్టు నీడ పడే చివరి మొక్కను చూసినవాళ్లు అది వేరే రకమనుకుంటారు. అంతెందుకు, ఒకే పొదలో పైకొమ్మను పక్కకు తీసి చూడండి: ఎండ తగిలే ఆకు వంకాయ రంగు, దాని చాటున ఉన్నది పచ్చన. ఆకుకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ దండిగా తయారవ్వాలంటే వెలుతురు గట్టిగా తగలాలి. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ నేరుగా పడే చోటు చూసుకుని, ఆకులు రాలాక, చిగురు రాకముందే మొక్కను వేళ్లతో సహా తవ్వి మార్చేయండి. చలికాలం బాగా ఉండే చోటే ఇది సుఖంగా పెరుగుతుంది. నీళ్లు నిలిస్తే మాత్రం వేరు కుళ్లిపోతుంది. పాదుకొన్నాక కాస్త ఎద్దడి తట్టుకుంటుంది.

ఆరియా లాంటి బంగారు రంగు రకాలకు ఇదే సలహా ఇవ్వను. మధ్యాహ్నపు ఎండకు వాటి ఆకు అంచులు మాడతాయి. పొద్దుటి ఎండ చాలు.

ఇంకొకటి, స్థలానికి తగ్గ రకం ఎంచుకోండి. క్రిమ్సన్ పిగ్మీ సుమారు రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు పెరుగుతుంది. హెల్మండ్ పిల్లర్ నిటారుగా, సన్నగా లేస్తుంది. పొడుగు రకం తెచ్చి ఏటా కత్తెరతో గుండ్రంగా చెక్కితే పైన ఆకు, లోపల ఎండుపుల్లలు మిగులుతాయి. నేను చలికాలం చివర్లో, బాగా ముదిరిన కొమ్మల్లో మూడో వంతు దాకా మొదలంటా తీసేస్తాను. కోసినచోట లోపల చెక్క పసుపు కొమ్ము విరిచినట్టు ఉంటుంది. కంగారుపడకండి, తెగులు కాదు, బెర్బెరిన్ అనే పదార్థం రంగు అది. తోలు గ్లౌజులు మాత్రం తప్పనిసరి. సూదుల్లాంటి ముళ్లు ఎండి రాలాక కూడా పదునుగానే ఉంటాయి. పిల్లలు తిరిగే దారి పక్కన పెట్టొద్దు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది మరొకటి ఉంది. ఎర్రటి కాయలు పక్షులు తిని విత్తనాలు దూరం మోసుకెళ్తాయి. అమెరికా ఈశాన్య ప్రాంతంలో జపనీస్ బార్బెర్రీ, అంటే పైన చెప్పిన రకాల జాతే, ఇలాగే అడవుల్లోకి చొరబడి, అడుగున మరో మొక్కను లేవనివ్వకుండా అల్లుకుంది. ఆ గుబుర్లలోని తేమలో రక్తం పీల్చే గోమార్లు కూడా ఎక్కువగా బతుకుతాయి. అందుకే న్యూయార్క్, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలు దాని అమ్మకాన్ని నిషేధించాయి. మీ చోట నియమం ఏమిటో కొనేముందే కనుక్కోండి. ఇంకో మొక్క తెచ్చే ఆలోచన ఉంటే, నియమం అనుమతిస్తే, కనెక్టికట్ విశ్వవిద్యాలయం రూపొందించిన క్రిమ్సన్ క్యూటీ లాంటి గొడ్డు రకం అడగండి. ఆకు రంగు ఎర్రగానే ఉంటుంది, విత్తనాల బెడద ఉండదు. ఇప్పటికే కాయలు కాసే మొక్క ఉండి, దగ్గర్లో అడవి గానీ వాగు గానీ ఉంటే, మార్చడం కాదు, తీసేయడమే మంచిదంటాను.